పండుగ నూలు

తిరువూరు సీమలో ప్రత్తి తీయు కాలమును పెద్దపండుగ వచ్చు కాలమును ఒక్కటియే. మార్గశిర పుష్యమాసములలో నల్లరేగడి చేలు తెల్లవాఱును. కూలికి వచ్చిన స్త్రీలు ఒడి నిండ ప్రత్తి తీసి గట్టుమీద రాశి పోయుచుందురు. ఆ మాసములలోనే ఇంటింట కొత్తబట్టల మాట పుట్టును. బట్టకు మూలమైన సరకును బండ్లకెత్తి పంపివైచి, అదే వారమున బట్టకొఱకు అంగడికి పోవుట ఆ సీమవారికి తరతరముల యలవాటు. ఇందులో వింత యేమున్నదని చదువరులు అడుగవచ్చును. వరి పండించువాడు బియ్యము కొనవలసివచ్చినచో మనము కఱవు వచ్చినదని భయపడుదుము. ప్రత్తి పండించు సీమ నూలు కొనుట మాత్రము మన కంటికి వింతగా తోచుట లేదు.

చేనికిని మగ్గమునకును నడుమ ఒక అంగడి వెలసినది. అది నూలంగడి. పండుగ దినములలో బట్టలకొట్టు దీపములతో, కొత్తనేత వాసనతో, బేరమాడువారి కేకలతో నిండియుండును. నూలంగడి యట్లుండదు. అది సాధారణముగా వెనుకసందులో నుండును. గోడవెంబడి చిలపల కట్టలు, ఒక త్రాసు, ఒక చిట్టాపుస్తకము, అంతే దాని వైభవము. అయినను పండుగకు ఎవరింట పరమాన్నము వండుదురో, ఎవరింట పొయ్యి చల్లగా నుండునో తేల్చునది ఈ రెండవ అంగడియే. బట్టలకొట్టును గూర్చి మన గృహములలో ఎంతయో మాటలాడుకొందుము. ఈ మాఱు నూలంగడిని గూర్చి కొంత విచారింతము.

తిరువూరు కృష్ణాజిల్లాకు ఉత్తరపు కొసనుండిన పాత తాలూకా. 2022లో జిల్లాలను విభజించినపుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. బెజవాడనుండి మైలవరము మీదుగా కొత్తగూడెమునకు, భద్రాచలమునకు, అటుపై జగదల్‌పూరునకు పోవు పెద్దబాట ఈ ఊరి మీదుగానే పోవును. 1947 వఱకు ఆ బాటపై ఊరు దాటి కొంతదూరము పోయినచో ఆంగ్లేయుల యేలుబడి ముగిసి నైజాము రాజ్యము మొదలగుచుండెను. నైజాము ప్రభుత్వమువారు తమ సరిహద్దులలో సరకులపై సుంకము తీయుచుండిరి గనుక నూలునకుగాని బట్టకుగాని ఇవతల ఒక వెల, అవతల ఒక వెల. ఇరువైపుల మాటలాడునది ఒక్క తెనుగే, చేయు పండుగలు ఒక్కటియే, ఇచ్చిపుచ్చుకొనునది ఒకరి పిల్లను ఒకరే. 1889లో నైజాము రైలు బెజవాడకు వచ్చెను గాని అది మధిర మీదుగా పోయినది. తిరువూరునకు ఎడ్లబండియే దిక్కయ్యెను. ఇక నేతలో ఈ సీమకు పెడనకువలె, మంగళగిరికివలె పేరు లేదు. పేరు లేని సీమ కనుకనే మేము దీనిని ఎన్నుకొన్నాము. ప్రసిద్ధి గల ఊళ్ళలో చీర అందము చూచి నూలు మాట మఱచిపోవుట సులభము.

పూర్వము తెలుగు మెట్టసీమలలో నూలంగడి యను ప్రత్యేకపు అంగడియే అరుదు. నూలు ఇంటిలో పుట్టుచుండెను. కోతలు ముగిసిన పిమ్మట రైతు ఇల్లాలు ప్రత్తి గింజ తీసి, దూది ఏకించి, ఏకులు చేసి రాట్నముపై వడకుచుండెను. ఆ నూలును ఊరి నేతగానికి ఇచ్చిన అతడు నేసి ఇచ్చి కూలి ధాన్యముగా గొనిపోవుచుండెను. ఆ నేతగాడు సాలెవాడైనను కావచ్చును, మాలవాడైనను కావచ్చును. సన్ననేత సాలెలది, దేవాంగులది. పల్లెవారు కట్టు ముతకపంచెలు, దుప్పట్లు చాలభాగము మాలపల్లెలలో నేయబడుచుండెను. అంటరానివాడని గడపలోనికి రానీయనివాడు నేసిన బట్టను పండుగనాడు తలంటి పోసికొని కట్టుకొనుచుండిరి. దీనికి శాస్త్రము అడ్డు వచ్చినట్లు ఎచ్చటను వినము. రాట్నము ఏ కులపు సొత్తును కాదు. ముఖ్యముగా మగదిక్కు లేని వితంతువులకు అది యొక్కటియే అడుగకుండ అన్నము పెట్టెడి సాధనము. వడకిన నూలును వారపు సంతలో అమ్ముకొని, మరల ప్రత్తియు ఉప్పును జొన్నలును కొనుక్కొని వచ్చెడివారు. వారి పండుగ ఆ సంతలో నుండెను. దసరాకు ముందు సంతలోను, సంక్రాంతికి ముందు సంతలోను నేతగాండ్రు నూలుకై పోటీ పడిన, ఆ వారము ముసలమ్మ గంపలో బెల్లము గూడ ఇంటికి వచ్చును.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఆంగ్లదేశపు మరనూలు ఓడలలో వచ్చి చెన్నపట్టణమునను బందరునను దిగుట మొదలిడినది. మొదట సన్ననంబరులు వచ్చినవి, పిమ్మట ముతకవి. అది నున్నగ, తెగక, ఒక్కతీరుగ నుండెను, వెల తక్కువ. నేతగాడు దానిని మెచ్చుట సహజము, మేమతనిని తప్పుపట్టము. రాట్నము మాత్రము అటుకకెక్కినది. చేతినేత నిలిచినది, చేతివడకు పడిపోయినది. ఈ భేదమును మన చరిత్రకారులు తఱచు కలిపివైచి, ‘‘దేశీయ పరిశ్రమ నశించినది’’ అని ఒక్క వాక్యముతో ముగింతురు. నశించినది ముందుగా స్త్రీల పని. మగ్గముముందు కూర్చున్న పురుషుడు కూలి తగ్గియైనను కూర్చుండియే యున్నాడు. రాట్నముముందు కూర్చున్న స్త్రీ లేచి పొలము కూలికి పోయినది. సంతలోని ముసలమ్మ గంప పోయి ఆ చోట సేటు నూలుకట్ట వచ్చినది. నూలంగడి పుట్టుక యిదియే.

ఇటువైపు మన ప్రత్తి అటు పోవుచుండెను. కృష్ణా గుంటూరు సీమల ప్రత్తికి వర్తకములో ‘కోకనాడలు’ అని పేరు. కాకినాడ రేవునుండి ఎగుమతి యగుటచే ఆ పేరు వచ్చినది. అది ఒకింత ఎఱ్ఱచాయ గల ప్రత్తి. అమెరికాలో ఉత్తరరాష్ట్రములకును దక్షిణరాష్ట్రములకును 1861 మొదలు 1865 వఱకు యుద్ధము జరుగగా ఆంగ్లదేశపు మిల్లులకు అమెరికా ప్రత్తి రాక ఆగిపోయినది. మన ప్రత్తికి కనివిని యెఱుగని వెల పలికెను. రైతునింట ఆ నాలుగేండ్ల సంక్రాంతులు వెండిమురుగులతో వచ్చినవి. నూలు వెల మండిపోయినందున నేతగానింట ఆ పండుగలే పస్తులతో పోయినవి. ఒక్క ఊరిలో, ఒక్క పండుగకు, ఒక్క ప్రత్తికాయనుండి రెండు బ్రదుకులు ఇట్లు వేఱైనవి. అప్పటినుండి నేటివఱకు ప్రత్తి వెల పెరిగినదన్న వార్త విన్నప్పుడు సంతోషింపవలెనో దుఃఖింపవలెనో తెలియని అవస్థ ఆంధ్రదేశమునకు పట్టినది.

నూలు లెక్క గృహిణులకు అంతగా తెలియదు గనుక ఇచ్చట కొంత చెప్పుట అవసరము. నూలు సన్నదనమును ‘నంబరు’తో చెప్పుదురు. 840 గజముల నూలు ఒక చిలప. ఒక పౌను బరువునకు ఎన్ని చిలపలు తూగునో అదియే ఆ నూలు నంబరు. ఇరువది నంబరు నూలు పౌనునకు 20 చిలపలు, నలువది నంబరు నూలు 40 చిలపలు. పది పౌనులు ఒక కట్ట. ఇక నలువదవ నంబరు నూలుతో అంగుళమునకు అఱువది పోగులు పడుగును, అఱువది పోగులు పేకయు ఉండునట్లు, ఆఱు గజముల పొడవును 46 అంగుళముల పన్నాయు గల సాదాచీర నేసినచో ఎంత నూలు పట్టును? పడుగునకు పదునాఱువేల అయిదువందల గజములకు పైన, పేకకు మరల అంతియే. వెరసి ముప్పదిమూడువేల గజములు దాటును. అనగా ఇంచుమించు ఒక పౌను నూలు, పందొమ్మిది మైళ్ళ దారము. సంక్రాంతినాడు ముగ్గువేయుచు వీథిలో తిరుగు అమ్మాయి తన ఒంటిపై బెజవాడనుండి కొండపల్లి దాటునంతటి దారము చుట్టుకొని తిరుగుచున్నదన్నమాట.

ఆ పందొమ్మిది మైళ్ళను రాట్నముపై వడకుటకు, గంటకు మూడువందల ఏబది గజముల చొప్పున నేర్పుగల చేయి వడకినను, తొంబదియైదు గంటలు పట్టును. దినమునకు ఎనిమిది గంటలైన పండ్రెండు దినములు. నేతగాడు ఆ చీరను రెండు మూడు దినములలో నేయగలడు. ఒక్క మగ్గమును నడపుటకు నాలుగైదు రాట్నములు తిరుగవలెనన్నమాట. మరనూలు వచ్చినప్పుడు ఎందఱి చేతులు ఖాళీ యైనవో ఈ లెక్కయే చెప్పుచున్నది.

అంగడి నూలుతో అప్పు వచ్చినది. ఇది ఎట్లు వచ్చినదో తెలిసికొనుటకు ఋతువుల నెఱుగవలెను. పడుగు సరిచేయుటకు వీథి కావలెను. దారములను కొయ్యలపై సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండలో ఆరబెట్టుదురు. వానకాలమున ఈ పని సాగదు. శ్రావణ భాద్రపదములలో నేతగానికి పని తక్కువ, కొనువారును తక్కువ. ఆశ్వయుజమున వానలు తగ్గగానే దసరా, వెంటనే దీపావళి. అప్పుడు బట్ట కావలెను. బట్ట ఉండవలెనన్న శ్రావణములోనే నూలు ఇంటికి రావలెను. చేతిలో పైకము లేని మాసమున కొనవలసిన సరకు ఇది. కావున నూలు అరువు వచ్చును. అరువునూలు వెల వేఱు, రొక్కపు నూలు వెల వేఱు. నేసిన బట్టను అరువిచ్చిన షావుకారుకే, అతడు చెప్పిన వెలకే ఇయ్యవలెను. పండుగ ముందు పదిదినములు బట్ట వెల పెరిగినప్పుడు ఆ పెరుగుదల షావుకారుది. పండుగ వెళ్ళిన మఱునాడు వెల తగ్గినప్పుడు ఆ తగ్గుదల నేతగానిది. కొందఱు నేతగాండ్రు క్రమముగా నూలు కొనుటయే మాని, షావుకారు ఇచ్చిన పడుగుపేకలను నేసి మజూరీ మాత్రము పుచ్చుకొను స్థితికి దిగిరి. ఆచార్య రంగాగారు 1930లో చేనేత ఆర్థికస్థితిపై ఆంగ్లమున ప్రకటించిన గ్రంథమున ఈ బంధమును విపులముగా పరిశీలించిరి.

ఇందులో మఱియొక మాట కలదు. మజూరీ మగ్గమునకు, మగ్గముపై కూర్చుండునది సాధారణముగా ఒక్కడు. చిలపలు విప్పుట, ఆసుపోయుట, కండెలు చుట్టుట, గంజి కాచుట ఇంటి ఆడువారి పని, పిల్లల పని. దీనికి వేఱే కూలి లేదు. పండుగ దగ్గఱకు వచ్చిన కొలది ఈ పని రాత్రులలోనికి ప్రాకును. దసరాకు బడిపిల్లలు విల్లంబులు పట్టుకొని వీథులలో పప్పుబెల్లములు పుచ్చుకొను దినములలో సాలెవాడలో పిల్లవాడు కండె చుట్టుచుండెడివాడు. మన పిల్లల కొత్తచొక్కాలో మఱియొక పిల్లవాని బడి పోగొట్టుకొన్న దినములు ఎన్ని కలవో ఎవరును లెక్కింపలేదు. విజయదశమినాడు మాత్రము మగ్గమునకు పసుపుకుంకుమలు పెట్టి, ఆ యొక్క దినము దానిని ఆడింపరు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదులలో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనపుడు మూడు సంకల్పములు చేసినది: తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటి సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు, గడువు జూన్ 30. ఆ సమావేశమునకే పింగళి వెంకయ్యగారు జెండా నమూనాను గాంధిగారికి అందజేసిరి. జెండాపై రాట్నమును చేర్చిరి. వెంకయ్యగారు ప్రత్తి సేద్యమున పరిశోధన చేసి ‘పత్తి వెంకయ్య’ అను బిరుదు పొందినవారని మన పాఠకులలో కొందఱికైనను తెలిసియుండును. జెండా కూర్చిన చేయి ప్రత్తివిత్తనము నెఱిగిన చేయి యగుట మాకు చాల ఇంపుగ తోచును.

రాట్నములు చేయించుట వడ్రంగి పని, నెలలలో కావచ్చును. తెగని నూలు తీయుట ఏండ్ల పని. ఆ రోజులలో ఉత్సాహముతో వడకిన నూలును చూచి నేతగాండ్రు తల పట్టుకొనిరి. ఒకచోట సన్నము, ఒకచోట లావు, నాలుగు నాడెలు వేయునప్పటికి తెగును. దేశభక్తిపై మజూరీ పెరగదు గదా! 1924 డిసెంబరులో బెల్గాములో గాంధిగారి అధ్యక్షతను జరిగిన కాంగ్రెసు, సభ్యత్వపు రుసుమునకు మాఱుగా నెలకు 2,000 గజముల నూలు ఇయ్యవలెనని తీర్మానించినది. పైన వేసిన లెక్కను బట్టి చూడుడు: ఒక సభ్యుడు అట్లు ఇచ్చుచు పోయిన పదునేడు నెలలకు ఒక చీర. మఱుసటి సంవత్సరము సెప్టెంబరులో ఆ నియమమును సడలించి, అఖిలభారత చరఖా సంఘమును పాట్నాలో స్థాపించిరి. వడకుట ఉపన్యాసముల చేతినుండి పని తెలిసినవారి చేతికి పోయినది. ఆ మీదటనే ఖద్దరు నిలిచినదని మా అభిప్రాయము. శ్రీకాకుళపు సీమలోని పొందూరులో వాలుగచేప దవుడతో దూది ఏకించి అతిసన్నని నూలు తీయు స్త్రీలకు ఈ విద్య ఎవరును నేర్పనక్కఱలేకపోయెను. కొనువారు మాత్రము కావలసిరి.

ఖద్దరునకు తన పండుగ తనకు గలదు. గాంధిగారి జన్మతిథియైన భాద్రపద బహుళద్వాదశి చరఖాద్వాదశి యను పేర, పిమ్మట అక్టోబరు 2వ తేది జయంతియను పేర, భండారములలో అమ్మకముల దినములైనవి. ఇవి దసరాకు దగ్గఱగా నుండుట మేలే చేసినది. ఇంతలో ఒక చిక్కు పైకి వచ్చెను. ఖద్దరు చౌకగా నుండిన కొనువారికి సంతోషము. వడకు స్త్రీకి దినమంతయు వడకినను అణా రెండణాలకు మించి ముట్టకుండెను. దానధర్మమువలె పేరు పొందిన బట్ట బీదరాలి ఆకలిపై చౌకగా నిలిచియుండెను. 1935లో గాంధిగారు ఈ సంగతిని దాపఱికము లేక బయటపెట్టి, ఎనిమిది గంటల పనికి బ్రదుకుదెరువైన కూలి ఉండవలెనని పట్టుపట్టిరి. చరఖా సంఘము కూలి పెంచినది. బట్ట వెలయు పెరిగినది. వెల పెరిగిన మీదట ఖద్దరు మానినవారి సంఖ్య తక్కువ కాదు. తన భక్తులకే కష్టమైన నియమము పెట్టిన ఉద్యమములు అరుదు గనుక ఈ సంగతిని మేము ప్రత్యేకముగా వ్రాసితిమి. పదియేండ్ల పిమ్మట, 1945లో, భండారములలో వెలలో కొంతభాగమును వడకిన నూలు రూపమున చెల్లింపవలెనను నియమము వచ్చినది. కొనువాడే నూలు తెచ్చిన గాని బట్ట రాని అంగడి! వర్తకపు లోకములో అట్టిది మఱియొకటి ఉండెనా యని మాకు సందేహము. అది కొనువారిని చాల విసిగించినదనుటలో మాత్రము సందేహము లేదు.

ఆ కాలముననే యుద్ధము నూలును మాయము చేసినది. 1943లో బట్టలకును నూలునకును కంట్రోలు వచ్చినది. వెల కాగితముమీద తగ్గెను, సరకు చాటున దాగెను. నేతగాడు లైసెన్సు పొందిన దుకాణము ముందు, సహకార సంఘము ముందు తన వంతుకై నిలిచినాడు. ఇరువది నంబరు కావలసినవానికి నలువది, నలువది కావలసినవానికి ఇరువది. అచ్చు ఒకదానికి కుదిరినచో రెండవదానికి కుదరదు. ఇచ్చినదానిని దొంగబజారులో అమ్మి, కావలసినదానిని అక్కడనే కొనవలెను. యుద్ధకాలపు పండుగలు చూచిన ఇండ్లలో చింకిచీరకు మాసిక వేసి రంగు అద్ది కట్టించిన కథలు చాలకాలము వినబడుచుండెను.

1946లో చెన్నరాష్ట్రమునకు ప్రధానమంత్రియైన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశముగారు ఈ నూలు ముడిని ఒక్క పెట్టున తెంపబూనిరి. రాష్ట్రమునకు రావలసిన కొత్తమిల్లు కదురులను వలదని, వాని స్థానమున గ్రామములలో రాట్నము నిలుపుదునని ప్రకటించిరి. పత్రికలు గోలపెట్టినవి, మిల్లువారు గోలపెట్టిరి. నేతవారును భయపడిరి, వారి భయము మిల్లువారి భయము వంటిది కాదు. ఉన్న నూలే చాలక మగ్గములు మూలబడియున్న దినములవి. మంత్రివర్గము 1947 మార్చిలో పడిపోయినది. పథకమును దానితో ముగిసినది. ప్రకాశముగారు వేసిన ప్రశ్న సరియైనదని మేము తలంతుము. ప్రత్తి పండించు పల్లెలో నూలు ఎందుకు పుట్టరాదు? అయినను జవాబు చెప్పుటకు ఎన్నుకొన్న సంవత్సరము నేతవానికి ఊపిరాడని సంవత్సరము. ఆ రెండు మాటలను కలిపి చెప్పినవారు నాడు కొలదిమందియే.

తరువాతి చరిత్ర పెద్దపండుగలు లేని చరిత్ర. 1953లో మిల్లుబట్టపై సుంకము వేసి ఆ సొమ్మును ఖద్దరునకు చేనేతకు వినియోగింప చట్టము చేసిరి. సహకారసంఘములు నూలు తెచ్చి సభ్యులకు ఇచ్చి, బట్టను పుచ్చుకొని, పండుగలకు తగ్గింపు వెలతో అమ్ముట అలవాటు చేసినవి. బాగుగ నడచిన సంఘములున్న చోట శ్రావణపు అప్పు తగ్గినది. నడచినవానికంటె పేరునకు నిలిచినవి ఎక్కువని ఒప్పుకొనక తప్పదు. మిల్లులు తమకు లాభకరమైన శంకువులపై నూలు చుట్టి మరమగ్గములకు అమ్మి, చేతిమగ్గమునకు వలసిన చిలపనూలు తగ్గించుచుండగా, 1970ల నడుమ ప్రభుత్వమువారు మిల్లునూలులో సగము చిలపలుగా చుట్టవలెనని నిర్బంధించిరి. ఆ సగము 2003లో నూటికి నలువది, 2019లో నూటికి ముప్పది యైనది. 1983లో స్థాపించిన జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ మిల్లుగడప వెలకు నూలు చేర్చుట తన పనిగా పెట్టుకొన్నది.

దారపు మాట వచ్చినది గనుక మగ్గము లేని దారపుపని నొకదానిని ఇచ్చట చెప్పవలెను. చలిదేశములలో ఊలు అల్లుట ఇంటింటి పని. మనకు అంత చలి లేదు. చలికాలమున విజయవాడ వీథులకు టిబెట్టువారు తెచ్చు ఊలుచొక్కాలతో మన యవసరము తీఱును. మన స్త్రీలు అల్లునది నూలుదారము, కొక్కెపుసూదితో. గోదావరితీరమున దుమ్ముగూడెములోను నరసాపురములోను క్రైస్తవ మిషనువారు ఈ లేసుపని నేర్పిరి. నరసాపురమున మెక్రే దంపతులు 1844లో నేర్పిరని చెప్పుదురు. తిరువూరునుండి ఉత్తరముగ పోవు బాటయే భద్రాచలము మీదుగ దుమ్ముగూడెపు దిక్కునకు పోవును. ఈ లేసు కట్టుకొనుటకు కాదు, దొరల బల్లలపై పఱచుటకు. దాని పండుగ సముద్రమునకు ఆవల జరుగు క్రిస్మసు. డిసెంబరులో ఒకరి బల్లపై పఱవవలసిన గుడ్డ, ఓడప్రయాణమును అంగడిదినములును లెక్కించిన, మనకు వానలు కురియు మాసములలోనే అల్లబడవలెను. ఇచ్చటను ఆ పాత తీరే: దారము వర్తకునిది, ఏజెంటు తూచి ఇచ్చును, అల్లినదానిని తూచి పుచ్చుకొనును. జర్మను పండితురాలు మారియా మీస్ 1970ల చివర అచ్చట పరిశోధించి 1982లో ప్రకటించిన గ్రంథమున లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నట్లును, దినమునకు ఆఱేడు గంటలు అల్లినను వారికి ఒక రూపాయి అయినను ముట్టకున్నట్లును తేల్చినది. ఘోషా పాటించు ఇండ్ల స్త్రీలు కావున వారిని పనివారని ఎవరును అనలేదు; తీఱికవేళ కాలక్షేపమనిరి. ‘తీఱిక’ అను మాట ఎంత చౌకైనదో! రాట్నపు ముసలమ్మను, కండె చుట్టు ఇల్లాలిని, లేసు అల్లు కోడలిని మూడు తరములుగా ఆ మాటయే కూలిలెక్కనుండి కొట్టివైచినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు ఊరిపేరునకు వచ్చినది, మంచిదే; దారము తూచు త్రాసు ఎవరి చేతిలో నున్నదో అదియును చూడవలెను.

2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణనమున దేశమున చేనేత పనివారు ముప్పదియైదు లక్షలకు పైగా తేలిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. మగ్గమునకు పురుషుడును కండెకు స్త్రీయు నన్న పాత పంపకము కూడ మాఱుచున్నదన్నమాట. 2021-22లో ప్రత్తి వెలయు నూలు వెలయు ఒక్కసారిగ ఎగసినవి. ఆ డిసెంబరు 31న, సంక్రాంతికి రెండు వారములుండగా, బట్టలపై జి.ఎస్.టి.ని నూటికి అయిదునుండి పండ్రెండునకు పెంచు నిర్ణయమును మండలివారు వాయిదా వేసిరి. ఆ వార్త పత్రికలలో వర్తకుల సంతోషముగా వచ్చినది. అప్పటికే శ్రావణమున తెచ్చిన నూలునకు పాతవెలకును కొత్తవెలకును గల తేడా నేతగాని చిట్టాలో ఎక్కియుండెను. దానిని వాయిదా వేయు మండలి లేదు.

తిరువూరు సీమలో నేటికిని ప్రత్తి చేలనుండి బయలుదేరి బట్టగా తిరిగి వచ్చుచున్నది. వచ్చునది చాలభాగము మరమగ్గపు బట్ట, దానిలో కొంత ప్రత్తి కాని నూలు. చేనేతచీర కొనదలచు ఇల్లాలు అంగట ‘‘ఇది ఏ నంబరు నూలు? నూలు ఎవరు తెచ్చిరి, సంఘమా, షావుకారా?’’ అని అడిగిన అమ్మువాడు మొదట తెల్లబోవును. రెండవ మాఱు అడుగునప్పటికి తెలిసికొని యుండును. ఈ ప్రశ్నను పండుగ వారమున అడిగిన లాభము తక్కువ. అప్పటికి నేతయు అప్పును రెండును ముగిసియుండును. వానలు పడుచుండగా, వీథిలో పడుగు పఱచుటకు వీలులేక నేతగాడు నూలంగడి అరుగుపై కూర్చుండు శ్రావణమాసమున సంఘమునకు ముందుసొమ్ము కట్టి దసరా చీరను చెప్పి ఉంచిన ఇండ్లు ఆంధ్రదేశమున అచ్చటచ్చట కలవు. ఆ సొమ్ముతో వచ్చిన కట్ట రొక్కపు వెలకు వచ్చును.